హాష్ గుర్తుతో మొదలయ్యేవి

డండీలో డిసెంబరు మధ్యాహ్నం మూడున్నరకే
టే నది మీద వంతెన కనబడటం మానేస్తుంది.
ఒకప్పటి జనపనార మిల్లు, మూడో అంతస్తు, నా బల్ల.
మా భీమిలి గోగునార కూడా ఓడెక్కి ఈ గోడల మధ్యకే వచ్చేదట.
ఎల్స్‌పెత్ వాళ్ల అమ్మమ్మ ఇక్కడే చెవుడు తెచ్చుకుందట,
మగ్గాల మోతలో పెదాలు చదవడం నేర్చుకుందట.
ఇప్పుడు మోత లేదు.
సర్వర్ల ఫ్యాన్లు ఈగల్లా గుయ్‌మంటాయి, అంతే.

నా పని ఒక పనిముట్టుకు వివరణ రాయడం.
ఆట నడిచే సర్వరుకు సెట్టింగులుంటాయి:
ఎందరు ఆడొచ్చు, దూకితే ఎంత ఎత్తు లేస్తారు,
తోడేళ్లు ఎన్నాళ్లకోసారి పుడతాయి.
ఏఐ ఏజెంటు అడుగుతుంది, ఇది ఫైలు తెరిచి చదివి వినిపిస్తుంది.
చదవడం వరకే. ముట్టుకోవడం లేదు.
పెళ్లిలో చదివింపులు చదివే మనిషిలాగ,
ఫలానా వారు, ఇత్తడి బిందె, నూటపదహార్లు,
గట్టిగా చదవడమే అతని వంతు.
బిందెకు సొట్ట ఎందుకుందో అతనికి అనవసరం.

పదకొండేళ్లుగా ఇలాంటివి రాస్తున్నాను,
పూర్తిగా చదివిన మనిషిని ఒక్కణ్ణి చూడలేదు.
పని చెడ్డాక వస్తారు,
కావలసిన ముక్క దొరగ్గానే తలుపైనా వెయ్యకుండా పోతారు.
ఇన్నాళ్లకు ఒక పాఠకుడు దొరికాడు.
మొదటి మాట నుంచి చివరి చుక్క దాకా,
రోజుకు నాలుగు వేల సార్లు.
దొరికాడు అనాలో దొరికింది అనాలో తెలీదు.

"అవసరమైతే మళ్లీ చదవండి" అని రాశాను ఒకసారి.
దానికి రాత్రంతా అవసరమైంది.
తెల్లారేసరికి తొమ్మిది వేల పిలుపులు,
జేవురించిన మొహంతో మర్డో.
చదవేస్తే ఉన్న మతి పోయిందన్నారు పెద్దలు,
ఎవరి మతో చెప్పలేదు.
ఆ పూటే "అవసరమైతే" కొట్టేశాను.
"సాధారణంగా" కొట్టేశాను. "మొదలైనవి" కొట్టేశాను.
చేటలో వేసి చెరిగితే వాక్యానికి గింజ మిగిలింది,
పొట్టుతో పాటు నేను ఎగిరిపోయాను.

మొన్న నమూనా కోసం మర్డో సొంత సర్వరు తెరిపించాను.
ఏజెంటు చదివి చెప్పింది:
ఆటగాళ్లు పన్నెండు మందికి మించరాదు.
పాస్‌వర్డు, ఎనిమిది చుక్కలు
(దాచమన్నాం, దాచింది).
రాత్రి నిడివి, సున్నా.
ఆపైన అడక్కుండానే ఒక సలహా:
"ఇది పొరపాటు కావచ్చు. మామూలు విలువ పది నిమిషాలు."

నిజమే, ఆ సర్వర్లో రాత్రి లేదు.
గుమ్మడి పాదులు, గొర్రెలు, ఎవరో సగం కట్టి వదిలేసిన కోట,
అన్నిటి మీదా ఎటూ జరగని పదకొండు గంటల ఎండ.

మర్డోని అడిగాను. మాట్లాడకుండా ఫైలు తెరిచి వేలు పెట్టాడు.
సున్నాకు పై వరుసలో, హాష్ గుర్తు వెనక,
ఏడేళ్ల కిందటి డిసెంబరులో రాసుకున్న ముక్క:
"రాత్రి బయట బోలెడుంది. లోపల కూడా ఎందుకు?"

హాష్ గుర్తుతో మొదలయ్యేవి మనుషుల కోసం.
పనిముట్టు వాటిని దాటేసి పోతుంది.
మేమే అలా కట్టాం.
విలువ చదువుతుంది,
విలువ పక్కన ఒకడు గొణుక్కున్నది చదవదు.
ఎల్స్‌పెత్ అమ్మమ్మ అయితే
అంత మోతలోనూ పట్టేసి ఉండేది.

"పరిమితులు" అన్న చోట రెండు వాక్యాలు చేర్చాను:
ఈ పనిముట్టు ఎంతో చెబుతుంది, ఎందుకో చెప్పదు.
మామూలు కాని విలువ కనబడితే, పొరపాటు అనే ముందు
పెట్టిన మనిషిని అడగాలి.
మేనేజరు రెండోది తీసేయమన్నాడు, పొడవైందట.
ఇంకా తియ్యలేదు.
దాని పైన ఒక హాష్ గుర్తు పెట్టి
తెలుగులో ఒక ముక్క రాసుకున్నాను.
అదేమిటో ఇక్కడ చెప్పను.

ఇంకా నాలుగు కాలేదు, మెట్ల మీద దీపాలు వెలిగాయి.
కోటు తొడుక్కుంటూ చూస్తే మర్డో తెర మీద
ఎవరో పిల్లాడు ఎండలో
గొర్రెను తోలుకుపోతున్నాడు.